కరగడం మొదలైన గడ్డ

రేడియోథెరపీ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసిన పిల్లలు అప్పుడప్పుడు సంగారెడ్డిలో మా ఇంటికి వస్తారు. ఏ మిషన్ మంచిది, ఏ ఆసుపత్రిలో డ్యూటీలు తేలిక, ఏ పరీక్ష రాస్తే దుబాయ్‌లో ఉద్యోగం దొరుకుతుంది అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. చాయ్ తాగి వెళ్ళిపోతారు. బల్ల మీద పడుకున్న మనిషితో ఏం మాట్లాడాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. వాళ్ళు అడగని ఆ ప్రశ్నకే ఇప్పుడు జవాబు రాస్తున్నాను. కోపంతో రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని చూశాను. అది తగ్గేటట్టు లేదు.

పటాన్‌చెరు దగ్గర హైవే పక్కన ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో నేను పనిచేశాను. పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్క ఆసుపత్రిదే తప్పు అనుకుని మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతారు.

గీతలు

నేను చేరింది స్ట్రెచర్ తోయడానికి. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. అప్పట్లో మా దగ్గర రేడియేషన్ ఇవ్వడానికి పాత కోబాల్టు మిషన్ ఉండేది. ఆ గది గోడ మందం చూస్తే కోటగోడ గుర్తొచ్చేది. రోగిని దింపి వెళ్ళిపోకుండా తలుపు దగ్గరే నిలబడి చూసేవాణ్ణి. మా పెద్ద డాక్టరు ఒకరోజు విసుక్కుని, "ఎట్లాగూ చూస్తనే ఉన్నవు, లోపలికి రా, చెయ్యన్న కలుపు" అన్నారు. ఆ కాలంలో అలా జరిగేది. డాక్టర్లు పారేసిన పాత పుస్తకాలు తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఒక పేజీ దాటడానికి ఒక ఆదివారం పట్టేది. చర్చి నుంచి వచ్చి ఆ పుస్తకాల ముందు కూర్చుంటే మా ఆవిడ, "దేవుని వాక్యం కంటె గదే ఎక్కువ చదువుతున్నవు, తీర్పు రోజు గదే అడుగుతడా నిన్ను?" అనేది.

మా వైపు రేడియేషన్‌ను "కరెంటు పెట్టుడు" అంటారు. అది కరెంటు కాదని రోగితో వాదించకండి. వాళ్ళ మాట పట్టుకునే వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పండి. ఈ సంగతి నాకు నేర్పింది ఇంద్రేశం నుంచి వచ్చిన నర్సింలు అనే రైతుకూలీ.

రేడియేషన్ ఎక్కడ పడాలో చర్మం మీద సిరాతో గీతలు గీస్తాం. అవి చెరిగిపోతే కొలతలన్నీ మళ్ళీ మొదటి నుంచి. నర్సింలు ఒక సోమవారం ఒంటి మీద ఒక్క గీత లేకుండా మెరిసిపోతూ వచ్చాడు. పెళ్ళింట్లో వదినలు పట్టుకుని నలుగు పెట్టి స్నానం చేయించారట. మా జూనియర్ ఒకడు మీద పడ్డాడు.

"నీకు చెప్పిన గదా, స్కిన్ మార్కింగ్ డిస్టర్బ్ చేయొద్దని!"

"నేనేం డిస్టర్బ్ చెయ్యలే సారూ," అన్నాడు నర్సింలు. "మా వదినెలు రుద్దుతుంటె కదలకుండ కూసున్న."

అందరం పగలబడి నవ్వాం. పెద్ద డాక్టరు మాత్రం నవ్వలేదు. జూనియర్‌ను పక్కకు పిలిచారు.

"గీతలు పోతే నీకే నష్టం, నీళ్ళు పోసుకోకు, తడిబట్టతో తుడుచుకో అని ఎందుకు చెప్పలే? నీ నోట్ల తెలుగు లేదా? అవతలోనికి అర్థం కాకుండ చెప్పితే చెప్పనట్టే లెక్క."

ఇంత సూటిగా మాట్లాడే పెద్దమనిషిని ఆ తర్వాత నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు.

ఎవరూ కరెంటు పెట్టని గడ్డ

అదే డాక్టరు దగ్గర ఉన్నప్పుడు జహీరాబాద్ వైపు నుంచి ఒక చెరకు రైతు వచ్చాడు. ఆయనకు గజ్జల్లో ఒక గడ్డ, చంకలో ఒక గడ్డ. గజ్జల్లోది నడవనిచ్చేది కాదు. నొప్పి తగ్గిద్దామని దానికి మాత్రమే రేడియేషన్ ఇచ్చాం. చంకలోదాని జోలికి వెళ్ళలేదు. కొన్ని వారాల తర్వాత ఆయనే చెయ్యి పైకెత్తి అడిగాడు.

"సార్, గీడ ఉండాలె గదా ఒకటి. ఏమైంది?"

చూశాం. లేదు. డాక్టరు ఆ చంకలో వేళ్ళు పెట్టి చాలాసేపు వెతికారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచారు.

"సామేల్, ఎవరికీ చెప్పకు."

"ఎందుకు సార్?"

"రేపటి నుంచి అందరూ ఒక్క దగ్గర కరెంటు పెట్టుండ్రి, ఒళ్ళంత పోతదని వస్తరు. పోదు. నా నౌకరీల గిది ఒక్కసారే చూసిన." రైతు వైపు చూస్తూ మళ్ళీ అన్నారు. "వీని ఒళ్ళు ఏందో నేర్చుకున్నది. ఎట్ల నేర్చుకున్నదో నాకు ఎర్కలేదు. ఎర్క లేనప్పుడు ఎర్క లేదనే చెప్పాలె."

ఆ మాట నన్ను వదల్లేదు. ఒళ్ళు ఎలా నేర్చుకుంటుంది? ఆ తర్వాత చదివిందంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే.

సైరను, ఫోటో

నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మన పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి చూడండి. వాచ్‌మన్ యూనిఫాం చూస్తాడు, కార్డు చూస్తాడు, లోపలికి వదులుతాడు. దొంగ కూడా అదే యూనిఫాం వేసుకుంటే? క్యాన్సర్ కణం అలాంటి దొంగ. బయటి నుంచి రాలేదు, మన ఒంటిలోనే పుట్టి చెడిపోయింది. మన కాపలా కణాలు దాన్ని మనవాడే అనుకుని వదిలేస్తాయి.

రేడియేషన్ పని కాల్చి చంపడం ఒక్కటే అని చాలాకాలం అనుకున్నాం. అది కాదు. రేడియేషన్ దెబ్బకు చచ్చే కణం పగిలి, లోపలి సరుకు బయటపడేస్తుంది. అది సైరను మోగినట్టు. కాపలావాళ్ళు పరుగెత్తుకొస్తారు. అయితే సైరను విన్నంత మాత్రాన దొంగ ఎవడో తెలియదు కదా. అక్కడ టీకా పనికొస్తుంది. చిన్నపిల్లలకు వేసే టీకా రోగం రాకముందు వేసేది. ఇది రోగం వచ్చాక వేసేది. ఆ కణితికి ఉండే గుర్తులను కాపలావాళ్ళకు చూపిస్తుంది, దొంగ ఫోటో చూపించినట్టు. రెండూ సరైన వరసలో, సరైన సమయంలో పడితే, గుర్తుపట్టడం నేర్చుకున్న కాపలావాళ్ళు ఒళ్ళంతా తిరిగి, మనం కరెంటు పెట్టని చోట దాక్కున్న దాన్ని కూడా పట్టుకుంటారు. జహీరాబాద్ రైతుకు తనంతట తాను జరిగినదాన్ని మనం కావాలని జరిపించే ప్రయత్నం ఇది.

ప్రయత్నం అనే అంటున్నాను. చాలామందిలో జరగదు. కణితి దగ్గర వంద ఉపాయాలుంటాయి. పైగా మనం ఇచ్చే రేడియేషనే దారిలో ఉన్న కాపలా కణాలను కూడా చంపుతుంది. అందుకే ఎంత డోసు, ఎంత మేర, టీకా ముందా వెనకా అని ఇప్పటికీ డాక్టర్లు తలలు పట్టుకుంటున్నారు. అంతా తేలిపోయింది అని ఎవడైనా అంటే వాడు మీకు ఏదో అమ్మడానికి వచ్చాడని అర్థం.

బ్యానర్

అమ్మేవాళ్ళు వచ్చారు. కోబాల్టు పోయి కొత్త మిషన్ వచ్చింది. పెద్ద డాక్టరు పోయి డైరెక్టరు వచ్చాడు. రేడియేషన్‌తో పాటు టీకా ఇచ్చే పరిశోధన ఒకటి మా ఆసుపత్రికి వచ్చింది. మొదటి రోగి ఇంకా చేరనేలేదు, చౌరస్తాలో బ్యానర్ కట్టారు: "క్యాన్సర్‌కు టీకా! ఇప్పుడు మన పటాన్‌చెరులో!"

మర్నాడు పొద్దున్నే పిల్లలను చంకనేసుకుని తల్లులు లైను కట్టారు. ఒక ముసలమ్మ మనుమరాలి చెయ్యి పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడింది.

"అవ్వా, ఇది పిల్లలకు వేసేది కాదు. ఇంకా పరీక్ష చేస్తున్నరు," అన్నాను.

"మరి గోడకు ఎందుకు కట్టిన్రు?" అంది. "చదువు మాకు రాదా, మీకు రాదా?"

ఆ మాట తీసుకువెళ్ళి డైరెక్టరుకు చెప్పాను. "అవేర్‌నెస్ సామేల్, అవేర్‌నెస్," అన్నాడు. గాలివానకు చిరిగిపోయేదాకా బ్యానర్ అలాగే ఉంది. రోగికి చేతిలో చెయ్యేసి ఒక మాట చెప్పడానికి తీరిక లేనివాళ్ళకు చౌరస్తాలో అరవడానికి ఎక్కడి నుంచి వస్తుందో తీరిక.

సుగుణ

ఆ పరిశోధనలో చేరినవాళ్ళలో సుగుణ ఒకతి. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉండేది. మందు గోలీలు ప్యాక్ చేసే యూనిట్‌లో కాంట్రాక్టు మీద పని. భర్త బిక్షపతి గోదాంలో హమాలీ. అంతకుముందే రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. మళ్ళీ తిరగబెట్టి, కుట్లు వేసినచోట ఎదమీద ఒక గడ్డ, రెండోవైపు కాలర్ ఎముక పైన మెడ దగ్గర ఇంకొక గడ్డ వచ్చాయి. ఎదమీది గడ్డకు రేడియేషన్, జబ్బకు టీకా. మెడ గడ్డను కావాలనే ముట్టుకోరు. అది దానంతటది కరుగుతుందా లేదా అన్నదే పరీక్ష.

ఒప్పుకోలు పత్రం చదివి వినిపించారు. తెలుగే. "ప్రతిరక్షణ ప్రతిస్పందన", "పరిశోధన వైద్యుని అనుమతి లేనిదే ఇతర ఔషధములు వాడరాదు" లాంటి తెలుగు. బిక్షపతి ప్రతి వాక్యానికీ తల ఊపాడు. సుగుణ ఊపలేదు.

"గిది నా కోసమా, మీ పరీక్ష కోసమా?" అని అడిగింది.

చదువుతున్న కుర్ర డాక్టరు జవాబు కోసం మళ్ళీ పత్రంలోకే చూశాడు. నేను అన్నాను, "రెండింటికీ బిడ్డా."

"నాకెంత, మీకెంత?"

"ఇప్పటికైతె మాకే ఎక్కువ. నీకు కలిసొస్తె రావచ్చు, లేకుంటె లేదు."

"నేను ప్యాక్ చేసే గోలీలు కూడ ఎవరో ఒకరు ముందుగాల మింగి సూసినయే గదా. పెట్టుండ్రి కరెంటు," అంది.

రెండో టీకా తర్వాత ఒకరోజు బల్ల మీద పడుకోబెట్టి తల సరిచేస్తుంటే నా వేళ్ళు మెడ దగ్గర గడ్డకు తగిలాయి. మొదట్లో ఉన్న రాయితనం లేదు. తల సరిచేసే పని కానిచ్చాను. అది చెప్పాల్సింది డాక్టరు.

"మెత్తవడ్డది గదా సార్?" అంది.

"డాక్టరు చెప్పాలె బిడ్డా."

"డాక్టరు చెప్పుడేంది, నా మెడ నాకు ఎర్కలేదా? రోజు పండ్లు తోముకుంట పట్టుకొని సూస్తున్న. మా ఆయనకు చెప్పితె, నీకు గట్లనే అనిపిస్తది తియ్యి అన్నడు. ఈసారి ఆయన చెయ్యే పట్టి సూపిస్త."

స్కాన్ తీశారు. నిజంగానే తగ్గింది. డైరెక్టరు స్వయంగా కిందికి వచ్చాడు, ఫోటోలు తీయించాడు. పెద్ద డాక్టరు బతికి ఉంటే ఎంత బాగుండేది అని ఆ రోజు నేను అనుకున్నాను. కరెంటు పెట్టని గడ్డ కరుగుతోంది. దాన్ని మేం అనుకుని కరిగిస్తున్నాం.

సూది

మూడో టీకా వేసిన మర్నాడు, శనివారం, సుగుణకు జ్వరం వచ్చింది. జబ్బ వాచింది, ఒళ్ళంతా విరగ్గొట్టినట్టు నొప్పులు. ఇలాంటి టీకాకు జ్వరం రావచ్చు. కాపలావాళ్ళు లేచారనడానికి అది ఒక సూచన కూడా కావచ్చు. పత్రంలో "స్వల్ప జ్వరము" అని రాసి ఉంది. వచ్చింది స్వల్పమైనది కాదు. బిక్షపతి పత్రం కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ పరిశోధన ఆఫీసులో బల్ల మీద మోగింది. ఆ ఆఫీసుకు సోమవారం దాకా తాళం.

ఇక్కడ మా ప్రాంతపు అలవాటు ఒకటి చెప్పాలి. ఫ్యాక్టరీ పనివాడికి జ్వరం వస్తే ఆసుపత్రికి పోడు. గల్లీలో ఉండే ఆర్ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకుని, పొద్దున్నే షిఫ్టుకు ఎక్కుతాడు. ఎక్కకపోతే కాంట్రాక్టరు ఇంకొకరిని ఎక్కిస్తాడు. ఆ సూదిని ఎవరూ మందు కింద లెక్కపెట్టరు. డ్యూటీకి ముందు తాగే చాయ్‌తో సమానం అది. ఇస్నాపూర్‌లో ఎవరినైనా "ఏమన్నా మందులు వాడుతున్నవా?" అని అడగండి, లేదంటాడు. "సూది ఏయించుకున్నవా?" అని అడగండి, "ఆ, మొన్ననే" అంటాడు. అబద్ధం ఆడటం లేదు. అడిగేవాడికి అడగడం రాదు, అంతే.

సుగుణకు ఆదివారం షిఫ్టు ఉంది. బిక్షపతి ఆమెను అంజయ్య అనే ఆర్ఎంపీ దగ్గరికి తీసుకువెళ్ళాడు. అతను డెక్సా సూది వేసి, అవే గోలీలు కొన్నాళ్ళకు కట్టి ఇచ్చాడు. డెక్సా అంటే స్టెరాయిడు. చెడ్డ మందని అనను. మెదడులో వాపు వచ్చినవాడికి ప్రాణం నిలబెడుతుంది. కాని అది చేసే పని కాపలావాళ్ళను పడుకోబెట్టడం. మేమేమో నెలల తరబడి వాళ్ళను లేపుతున్నాం.

తర్వాతి విజిట్‌కు సుగుణ నవ్వుతూ వచ్చింది. తనే చెప్పింది.

"మస్తు పరేషాన్ అయిన సార్ జెరంతోని. మా అంజన్న ఒక్క సూదితోని లేపి నిలవెట్టిండు. ఇంకా గోలీలు నడుస్తున్నయి."

కుర్ర డాక్టరు ఆ గోలీలు చూపించమని అడిగి పేరు రాసుకున్నాడు. కొన్ని వారాలకు మెడ దగ్గర గడ్డ మళ్ళీ గట్టిపడింది. స్కాన్ కూడా అదే చెప్పింది.

అంజయ్య దుకాణం

కొట్లాడటానికే ఇస్నాపూర్ పోయాను. ఒక షట్టరు, లోపల పరదా, బెంచీ మీద నలుగురు. వాళ్ళ ముందే అంజయ్యను తిట్టాను. చదువు లేదు, లైసెన్సు లేదు, మనిషి ప్రాణంతో ఆడుకుంటున్నావు అన్నాను. అంజయ్య అంతా విని, బెంచీ మీదివాళ్ళను బయటికి పంపాడు.

"తిట్టుడు అయిపోయిందా సామేల్ సాబ్? కూసో. చాయ్ చెప్పాల్నా?"

"నీ చాయ్ ఎవనికి కావాలె! ఆ పిల్లకు ఏం సూది ఏసినవో నీకు ఎర్కేనా?"

"ఎందుకు ఎర్కలేదు? మీ దగ్గరనే నేర్చుకున్న."

"మా దగ్గర?"

"మరి ఏడ? కరెంటు పెట్టించుకున్నోల్లు మీ చీటీలు పట్టుకొని నా దగ్గరికే వస్తరు, గోలీలు ఎట్ల మింగాలె చెప్పు అంజన్నా అని. వాంతులైతె ఏం రాస్తరు మీరు? డెక్సా. వాపొస్తె? డెక్సా. అన్నం పోతలేదంటె? డెక్సా. గిన్నేండ్లు కరెంటు పెట్టినోల్లందరికి మీరే ఇచ్చిన్రు. గీ ఒక్క పిల్లకు ఇయ్యొద్దని నాకు కలొస్తదా?"

"తెల్వనప్పుడు సూది ముట్టొద్దు. నీకు హక్కు లేదు."

"లేదు. ఒప్పుకుంట. శనివారం మాపటికి మీ దవాఖాన తలుపు తెరిచిపెట్టుండ్రి, సోమవారం నుంచి నేను దుకాణం బంద్ చేస్త. మంజూరేనా?"

అతని పని సరైనది అనను. అడగకుండా, ఏ రోగమో చూడకుండా సూది గుచ్చేవాణ్ణి నేను ఎప్పటికీ సమర్థించను. కాని అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. రేడియోథెరపీ విభాగాల్లో డెక్సా అంటే వంటింట్లో ఉప్పు. ప్రతి చీటీలో పడుతుంది. కాపలావాళ్ళను లేపే వైద్యం వచ్చాక కూడా, పాత చీటీలు చూసి చుట్టుపక్కల ఊళ్ళు ఏం నేర్చుకున్నాయో ఆలోచించినవాడు లేడు. పరిశోధన రాసినవాళ్ళకు ఇస్నాపూర్ ఉందనే తెలియదు.

డైరెక్టరు గదిలో

సుగుణను, బిక్షపతిని పిలిచారు. నన్ను పిలవలేదు, నేనే వెళ్ళి నిలబడ్డాను.

"మీరు సూచనలు పాటించలేదు. అదే ఫైల్లో రాసి మిమ్మల్ని పరిశోధన నుంచి తీసేస్తున్నాం," అన్నాడు డైరెక్టరు.

"సూది ఏసుకోవద్దని ఎవలు చెప్పిన్రు సార్?" అని అడిగింది సుగుణ.

"ఇతర మందులు వాడొద్దని చదివి వినిపించారు కదా."

"నేను మందులు వాడలే. జెరానికి సూది ఏసుకున్న."

డైరెక్టరు నవ్వాడు. నా ఉద్యోగ జీవితంలో చాలా అవమానాలు మింగాను. ఆ నవ్వు ఇప్పటికీ గొంతు దిగలేదు.

"సార్, మన వార్డులోనే అందరికీ రాసే మందు అది. ఆమెకు పేరు పెట్టి ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తినవాళ్ళు లేరు," అన్నాను.

"సామేల్, మీరు రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. ప్రశాంతంగా వెళ్ళండి. అయినా ఆ సూది వల్లే గడ్డ పెరిగిందని రుజువు ఏముంది? అసలు అది పెరగాల్సిందేనేమో."

అది నిజమే. ఒక్క మనిషిని చూసి ఎవరూ తేల్చి చెప్పలేరు. టీకా ఆపడం కూడా నియమం ప్రకారం సరైనదే కావచ్చు.

"రుజువు లేదు కదా సార్. మరి తప్పు ఆమెదని ఎట్ల రాశారు?"

ఆయన కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. సుగుణ లేవలేదు.

"ఇగ నాకు టీకా ఎయ్యరా సార్?"

"లేదమ్మా. మామూలు కీమో ఇస్తాం."

"మెత్తవడ్డదని మీరే ఫోటోలు తీసుకున్నరు గదా," అంది.

ఆ ఫోటోలు తర్వాత ఏదో పెద్ద సభలో చూపించారని విన్నాను. గట్టిపడ్డాక మాత్రం ఎవరూ ఫోటో తీయలేదు.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలారా, "పేషెంటు మాట వినలేదు" అని మీ పైవాడు రాయమన్నప్పుడు, వాళ్ళకు ఎవరు ఏ మాటల్లో చెప్పారో అడగండి. అడిగితే మీ మీద కోపం వస్తుంది. రానివ్వండి. కొత్త వైద్యాలు ఇంకా వస్తాయి. కాపలావాళ్ళను లేపే మందులు ఇప్పటికే వచ్చాయి, టీకాలు మెరుగవుతాయి. మిషన్లు మీకంటే తెలివైనవి అవుతాయి. సుగుణ లాంటివాళ్ళు షిఫ్టు దిగి అక్కడికే వస్తారు. శనివారం సాయంత్రం వాళ్ళకు ఒళ్ళు కాలిపోతుంటే ఎవరి దగ్గరికి పోతారో తెలుసుకోకుండా టీకా గుచ్చేవాడు డాక్టరు కాడు, టెక్నీషియనూ కాడు.

చర్చి హాల్లో

సుగుణ ఇప్పుడు లేదు. కీమో రోగాన్ని కొంతకాలం ఆపింది, తర్వాత ఆపలేకపోయింది. కాని ఆమె ఉండగా జరిగిన ఒక ఆదివారం సంగతి రాయకుండా ముగించలేను.

చుట్టుపక్కల ఆర్ఎంపీలను కూర్చోబెట్టి చెబుదామని డైరెక్టరును అడిగాను. "దొంగ డాక్టర్లకు మనం పాఠాలు చెప్పాలా?" అన్నాడు. మా పాస్టరుగారిని అడిగితే ఆరాధన అయ్యాక హాలు తీసుకో అన్నారు. అంజయ్య ఫోన్లు చేశాడు. ఇస్నాపూర్, ఇంద్రేశం, పటాన్‌చెరు గల్లీల నుంచి వచ్చారు. పోలీసులకు పట్టించడానికి పిలిచానేమో అని తలుపు దగ్గరి కుర్చీల్లోనే సర్దుకున్నారు.

నేను మొదలుపెట్టాను. కాపలా కణాలు, సైరను, ఫోటో, స్టెరాయిడు. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంకొకాయన, "సార్, మరి జెరానికి ఏం సూది ఎయ్యాలె, గది చెప్పుండ్రి జల్దీ," అన్నాడు. అందరూ నవ్వారు.

బిక్షపతితో వచ్చి వెనక వరసలో కూర్చున్న సుగుణ లేచింది. కీమోకు జుట్టు రాలిపోయి తలకు స్కార్ఫు కట్టుకుంది.

"సార్ చెప్పేది మీకు ఎక్కుతలేదు. నేను సూపిస్త," అని ముందుకు వచ్చి, కొంగు పక్కకు జరిపింది. కాలర్ ఎముక పైన గడ్డ అందరికీ కనిపించింది. "వచ్చి ఏలు పెట్టి సూడుండ్రి."

ఎవరూ కదల్లేదు.

"ఏందే గిది, నలుగుర్ల," అన్నాడు బిక్షపతి.

"నువ్వు కూసో. బోర్డుల మీద డాక్టర్లని రాసుకున్నరు గదా. డాక్టర్ల లెక్కనే వచ్చి సూడనీ."

ముందుగా ఇంద్రేశం నుంచి వచ్చిన పెద్దాయన లేచాడు. "మాఫ్ చెయ్యి బిడ్డా" అని రెండు వేళ్ళు పెట్టి చూశాడు. తర్వాత ఇంకొకరు. ఫోన్ చూసుకునేవాడు కూడా వచ్చాడు. హాల్లో కుర్చీలు ఒక్కొక్కటిగా జరిగాయి. అంజయ్య ఒక్కడే లేవలేదు.

"నువ్వు రా అంజన్నా."

"నా తోని కాదు చెల్లె."

సుగుణే అతని దగ్గరికి వెళ్ళింది. అతని చెయ్యి పట్టుకుని మెడ మీద పెట్టుకుంది.

"ఎట్లున్నది?"

"గట్టిగున్నది."

"గిది నడుమల మెత్తగయింది. నా ఏళ్ళతోని నేనే సూసుకున్న. నీ సూదితోనే గట్టివడ్డదా అంటె ఎవలూ చెప్పలేరు. సార్ కూడ చెప్పలేడు. నేను నిన్ను అంటలేను. గని రేపు ఇంకొకలు నా లెక్కనే వస్తరు. టీకా ఏసుకున్న, ఒళ్ళు కాలుతున్నది, పొద్దుగాల డ్యూటీ ఉన్నది అంటరు. అప్పుడేం చేస్తవు?"

"ఫోన్ చేస్త దవాఖానకు."

"ఎత్తకుంటె?"

అంజయ్య నా వైపు చూశాడు. సుగుణ అతని చెయ్యి వదల్లేదు.

"సార్ దిక్కు సూడకు. నిన్ను అడుగుతున్న. ఎత్తకుంటె ఏం చేస్తవు?"

అతని వేళ్ళు ఇంకా ఆ గడ్డ మీదే ఉన్నాయి.

"ఆటోల ఎక్కించుకొని నేనే తీస్కపోత," అన్నాడు అంజయ్య. "తలుపు తీసేదాక గేటు కాడనే కూసుంట. సూది మాత్రం ఎయ్య."

అప్పుడు వదిలింది అతని చెయ్యి. కొంగు సర్దుకుని, పక్క కుర్చీలో ఉన్నాయన వైపు తిరిగింది.

"నువ్వేం చేస్తవు అన్నా?"